చెప్పుల అరలో కుర్రాడు

హచినోహె రేవు పక్కన
రాత్రంతా తెరిచి ఉండే నాణేల లాండ్రీ.
బయట ఫిబ్రవరి, మోకాలి లోతు మంచు.
ఆరబెట్టే యంత్రంలో నాలుగు నాణేలు వేసి
బల్ల మీద కూలబడింది ఇకుయో.
ముప్పై రెండు నిమిషాలు.

ఎన్నిసార్లు కడిగినా చేతులు వదలని స్క్విడ్ వాసన.
ఇవాళ ఫ్యాక్టరీలో ఆమె కత్తి కింద
ఎన్ని వేల కాళ్ళు తెగిపడ్డాయో,
ఒక్కోదానికి పది, ఎవరు లెక్కపెడతారు.

కిటికీ పక్కన ఎవరో వదిలేసిన బొమ్మల కథలు.
చేతికందింది నాలుగో భాగం.
అట్ట మీద గులాబీ రంగు వెలిసి జ్వరం మాత్రలా ఉంది.
నలభై ఏడేళ్ళదాన్ని, నాకెందుకివి అనుకుంటూనే
కుడివైపు నుంచి తెరిచింది.

రుయి అని ఒక పిల్ల.
బడి గుమ్మంలో చెప్పుల అరలు మూడు వందల పన్నెండు.
ఆమె అరలో కాపురముంటాడు అకినోజో,
పోయి అరవై ఏళ్ళయినా పదిహేడు దాటని కుర్రాడు.
నుదుటి మీద జుట్టు, కంటికి నాలుగేసి నక్షత్రాలు,
నడుము కింద పొగ.
మన దయ్యాలకు వెనక్కి తిరిగైనా పాదాలుంటాయి,
వాళ్ళ దయ్యాలకు అసలుండవు.

ఆ పాదాల్లేనివాడే
పొద్దున్నే ఆమె బూట్లు తుడిచి పెడతాడు,
తడిస్తే పాత పేపరు ఉండచుట్టి లోపల కుక్కుతాడు.
సిగ్గేసిందా,
మూడు వందల పన్నెండు తలుపులూ ఠపఠపా తెరుచుకుంటాయి.
భూకంపమనుకుని హెడ్మాస్టరు బల్ల కింద దూరతాడు.

ఫక్కున నవ్వింది ఇకుయో.
నవ్వి, చుట్టూ చూసింది.
మూలన ఒసనాయి ఒక్కడే, చేపల వేలం మనిషి,
రబ్బరు బూట్లు, చెవి వెనక లెక్కల పెన్సిలు,
ప్రతి గురువారంలాగే మొహానికి అడ్డంగా పేపరు.

ప్రేమలో పడితే కాళ్ళు భూమ్మీద ఆనవంటారు.
వీడికి ఆనడానికి కాళ్ళేవీ?
వేసవి జాతరకి వస్తావా అంటుంది రుయి.
గుమ్మం దాటలేడు. ఆ ముక్క చెప్పలేడు.
రెండు పేజీల నిండా ఒకటే బొమ్మ:
వాన, ఖాళీ గుమ్మం, ఒక జత బూట్లు,
మాటల బుడగలో మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కల దగ్గర
ఇకుయోకి యంత్రం చప్పుడు వినిపించడం మానేసింది.
ఎప్పుడో ఇరవయ్యో ఏట, ప్లాట్‌ఫారం మీద
ఒకరితో ఒక మాట చెబుదామని వెళ్ళి
రైలు కదిలేదాకా గొడుగు గురించి మాట్లాడి వచ్చింది.
గొడుగు మంచిదే. చాలా ఏళ్ళు మన్నింది.

పేజీ అంచున పెన్సిలుతో ఎవరో చిన్నపిల్ల రాత:
"చెప్పెయ్, వెధవా!"
దాని కింద ఇంకో రాత, పెద్దవాళ్ళది,
ధరల చీటీ మీద అంకెల్లా నిటారుగా:
"అంత తేలిక కాదు."

చివరి పేజీలో రుయి
తన బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టింది.
ఉత్తి కాళ్ళతో లోపలికి ఒక అడుగు.
సశేషం.

మూడుంది, ఆరుంది. అయిదో భాగం లేదు.
అర కింద వెతికింది, బల్ల కింద వంగి చూసింది.

పేపరు మెల్లగా దిగింది.
దాని వెనక గులాబీ రంగు.
"అయిదు... నా దగ్గరుందండీ.
ఇంకో పదకొండు పేజీలు."
ఉడికిన పీతల్లా ఉన్నాయి అతని చెవులు.
"ఏమవుతుందో చెప్పకండి" అంది ఇకుయో, కాస్త గట్టిగానే.

అప్పుడే, ఇంకా రెండు నిమిషాలుండగానే,
ఆమె యంత్రం తలుపు
ఠప్పున దానంతటదే తెరుచుకుంది.

తువ్వాళ్ళు మడిచింది, ఏప్రన్ మడిచింది.
మేజోళ్ళలో ఒకటి తగ్గింది.
వేడి డ్రమ్ములో భుజందాకా చేయి పెట్టి గాలించింది.
లేదు.

పోన్లే అనుకుంది.
ఒక కాలైనా వచ్చుంటుంది వాడికి.